105 మిలియన్ల గ్రాంటు వచ్చిందన్నారు, తర్వాత పోయిందన్నారు. ప్రకటించిన డబ్బు ఎలా పోతుంది?

దోశబండి_ఆస్టిన్:

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఐ-35 హైవేకి తూర్పు పక్కన, సీజర్ చావెజ్ వీధికి దగ్గర్లో నాదొక చిన్న దోశ ట్రెయిలర్ ఉంది. ఆరేళ్ళుగా నడుపుతున్నాను. ప్రభుత్వ గ్రాంట్ల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త విడమరిచి చెప్పండి. చాలా రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

తెలియనివాళ్ళ కోసం ముందు హైవే సంగతి. ఒకప్పుడు ఇక్కడ ఈస్ట్ అవెన్యూ అని మధ్యలో చెట్లు, గడ్డి ఉన్న వెడల్పాటి రోడ్డు ఉండేది. 1962 నాటికి దాని మీదుగానే ఐ-35 వచ్చింది. అంతకు చాలా ముందే, 1928 సిటీ ప్లాన్‌తో నల్లజాతివాళ్ళని తూర్పు వైపుకి నెట్టారు. హైవే వచ్చాక ఆ గీత కాంక్రీటుతో గట్టిపడింది. ఇప్పుడు రాష్ట్ర రవాణా శాఖ ఊరి మధ్యలో ఎనిమిది మైళ్ళ మేర ఈ హైవేని మళ్ళీ కడుతోంది. ఖర్చు దాదాపు 4.5 బిలియన్ డాలర్లు. పై డెక్కులు తీసేస్తారు, డౌన్‌టౌన్ దగ్గర రోడ్డుని నేల కిందికి దించుతారు. దించిన రోడ్డు మీద అక్కడక్కడా కప్పు వేసి, పైన పార్కులు, నడిచే దారులు పెడదామన్నది సిటీ ఆలోచన. కప్పుల ఖర్చు రాష్ట్రం పెట్టదు, సిటీయే ఎక్కణ్ణుంచైనా తెచ్చుకోవాలి.

2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం 105 మిలియన్ డాలర్లు ఇస్తోందని ప్రకటన వచ్చింది. సీజర్ చావెజ్ నుంచి 4వ వీధి దాకా వేసే కప్పుకి. అంటే సరిగ్గా నా బండి ఉన్న చోటికి. ఆ సాయంత్రం చివరి పది ప్లేట్లు డబ్బు తీసుకోకుండా ఇచ్చేశాను. ఆ ధైర్యంతోనే, అద్దె పెంచినా సరే అని, స్థలం లీజు ఇంకో ఐదేళ్ళు పొడిగించుకున్నాను. 2025 జూలైలో ఆ గ్రాంటు రద్దయిందన్నారు.

నా దగ్గరకి ఒక పెద్దావిడ వస్తుంది. డెబ్బై దాటాయి, వాకర్ తోసుకుంటూ వస్తుంది. హైవే అటుపక్క ఫ్రంటేజ్ రోడ్డు, అంటే సర్వీసు రోడ్డు, దాటేసరికి సిగ్నల్ అయిపోతుంది. ఫ్లైఓవర్ కింద స్తంభం పక్కన నిలబడుతుంది, పైన లారీలు వెళ్తుంటే చెవి మీద చెయ్యి పెట్టుకుంటుంది. రెండో సిగ్నల్‌కి ఇటు వస్తుంది. రెండు ఇడ్లీ తింటుంది, సాంబారు వద్దు, చట్నీ చాలు అంటుంది. హైవే వేస్తున్నప్పుడు తను పక్కనే ఉన్న పామ్ స్కూల్లో రెండో క్లాసట. ఆ బడిని 1976లో మూసేశారు. "పైన పార్కు వస్తే నడుచుకుంటూ తిన్నగా వచ్చేస్తాను" అని ఏడాదంతా అంటూనే ఉంది. గ్రాంటు పోయిందని ఆవిడకి చెప్పింది నేనే.

మాది విజయవాడ కృష్ణలంక. చిన్నప్పుడు మేమూ రోజూ నేషనల్ హైవే దాటి అవతలి పక్క బడికి వెళ్ళినవాళ్ళమే. అందుకే ఈ బాధ నాకు కొత్త కాదు.

ప్రకటించిన డబ్బు ఎలా వెనక్కి పోతుంది? సిటీ మళ్ళీ అడగొచ్చా? మాలాంటివాళ్ళు చేయగలిగింది ఏమైనా ఉందా?

వంతెన_లెక్కలు:

దోశబండి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నా పని ఇదే. టెక్సాస్‌లో ఒక కన్సల్టింగ్ ఆఫీసులో పదకొండేళ్ళుగా సిటీల తరఫున రోడ్ల గ్రాంట్లకి దరఖాస్తులు తయారు చేస్తున్నాను. ఆస్టిన్ దరఖాస్తు మేం చేసింది కాదు, కాబట్టి పద్ధతి ఎలా ఉంటుందో మాత్రం చెప్తాను.

మీ మొదటి ప్రశ్నకి జవాబంతా ఆబ్లిగేషన్ అనే ఒక్క మాటలో ఉంది. మన దగ్గర కాంట్రాక్టర్లు "జీవో వచ్చింది, బీఆర్‌వో (డబ్బు విడుదల చేసే ఆర్డరు) రాలేదు" అంటుంటారు చూడండి, అలాంటిదే. వాషింగ్టన్‌లో ప్రకటన చేసినప్పుడు మీ ఊరు ఎంపికైందని మాత్రమే అర్థం. ఆ తర్వాత గ్రాంట్ అగ్రిమెంట్ రాసుకోవాలి. అందులో పని ఏంటి, ఎప్పటికి పూర్తి చేస్తారు, ఎంతవుతుంది, సిటీ వాటా ఏ ఖాతాలోంచి వస్తుంది, అన్నీ పెట్టాలి. పర్యావరణ అనుమతి చేతిలో ఉండాలి. ఇద్దరూ సంతకం పెట్టి, ఆ మొత్తం మీ ప్రాజెక్టు పేరు మీద ఫెడరల్ లెక్కల్లో కట్టుబడిన రోజే అది ఆబ్లిగేట్ అయినట్టు. దీనికి ఏడాది, రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

మీ 105 మిలియన్లు వచ్చింది నైబర్‌హుడ్ యాక్సెస్ అండ్ ఈక్విటీ అనే పథకంలోంచి. హైవేలు చీల్చిన పేటల్ని మళ్ళీ కలపడానికి, 2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం 3 బిలియన్లకి పైగా పెట్టి మొదలుపెట్టింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఆ పథకంలో అప్పటికి ఆబ్లిగేట్ కాకుండా మిగిలిన డబ్బంతా వెనక్కి తీసేసుకుంది. ఆ రోజుకి అగ్రిమెంట్ పూర్తయిన డబ్బు నిలిచింది, వరుసలో ఉన్నది పోయింది. ఆస్టిన్ వరుసలో ఉంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆబ్లిగేట్ అయినా ఎవరూ చెక్కు పంపరు. సిటీ ముందు తన డబ్బుతో పని చేయించి, బిల్లులు పంపి, ఫెడరల్ వాటా తిరిగి తెచ్చుకోవాలి. అంతా రీయింబర్స్‌మెంట్. చిన్న ఊళ్ళు చాలా వరకు ఇక్కడే ఆగిపోతాయి. గ్రాంటు గెలిచి, మొదటి బిల్లు కట్టడానికి డబ్బు చాలక నిలబడిపోయిన ఊరిని నేను చూశాను.

రెండో ప్రశ్న, మళ్ళీ అడగొచ్చా అన్నది. అడగొచ్చు, కానీ ఏ కిటికీ దగ్గర అడుగుతారన్నది ముఖ్యం. సిటీలు నేరుగా వెళ్ళే పెద్ద కిటికీ ఇప్పుడు బిల్డ్ అనే గ్రాంటు. 2009లో టైగర్ అన్నారు, 2018లో బిల్డ్ అన్నారు, 2021లో రైజ్ అన్నారు, 2025లో మళ్ళీ బిల్డ్ అయింది. 2021 నాటి మౌలిక వసతుల చట్టం దీనికి 2026 దాకా ఏడాదికి 1.5 బిలియన్లు పెట్టింది. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ఒక ప్రాజెక్టుకి 25 మిలియన్లు మించి ఇవ్వరు, సగం పల్లె ప్రాంతాలకి పోవాలి, ఒక్క రాష్ట్రానికి 15 శాతం మించకూడదు. 105 మిలియన్ల గొయ్యి దీంతో పూడదు. ఇన్‌ఫ్రా అని ఇంకోటుంది, పెద్ద ప్రాజెక్టులకి. అందులో గ్రాంటు వాటా 60 శాతం దాటదు, మిగతాది చూసుకోవాలి. వీటన్నిటికీ దేశం మొత్తం పోటీ పడుతుంది.

ఫెడరల్ రోడ్ల డబ్బులో ఎక్కువ భాగం పోటీ లేకుండా, ఫార్ములా ప్రకారం రాష్ట్రాలకి వెళ్ళిపోతుంది. మనం గ్యాలన్ పెట్రోలు మీద కట్టే ఫెడరల్ పన్ను 18.4 సెంట్లు ప్రధానంగా ఆ ఖాతాలోకే చేరుతుంది. 1993 నుంచి ఆ రేటు ఒక్క సెంటు మారలేదు. అప్పటికి నేను ఖమ్మంలో ఐదో తరగతి. ఇన్నేళ్ళలో సిమెంటు, స్టీలు, కూలీ ఎంత పెరిగాయో మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు అసలు దరఖాస్తు ఎలా ఉంటుందో, నాకు మనసులో గుచ్చుకున్న ఒక పని గురించి చెప్తాను. ఊరి పేరు చెప్పను. మధ్యస్థంగా ఉండే ఊరు. ఊరి మధ్యలోంచి గూడ్సు రైళ్ళు పోతాయి. గేటు పడితే ఊరు రెండు ముక్కలు. ఆసుపత్రి ఒక పక్క, ఇళ్ళన్నీ ఇంకో పక్క. రైలు పట్టాల కింద నుంచి రోడ్డు తీసుకెళ్ళాలని సిటీ కోరిక. లెక్కలు కట్టడానికి నేను క్లిప్‌బోర్డు పట్టుకుని మూడు రోజులు ఆ గేటు దగ్గర నిలబడ్డాను. రెండో రోజు మధ్యాహ్నం గూడ్సు బండి వచ్చి అలాగే ఆగిపోయింది. వెనక ఒక అంబులెన్సు. లైట్లు తిరుగుతున్నాయి, సైరన్ ఆపేశారు, ఎందుకంటే కదిలే దారే లేదు. డ్రైవరు దిగి పెట్టెల వరస అటు చివరిదాకా చూసి మళ్ళీ ఎక్కాడు. నా కాగితం మీద దానికి గడి ఒక్కటే ఉంది, "ఆలస్యం, నిమిషాలు". ఆ గడి నింపేటప్పుడు నా చెయ్యి వణికింది.

దరఖాస్తులో బెనిఫిట్ కాస్ట్ లెక్క, అంటే పెట్టే ఖర్చుకి తగ్గ లాభం ఉందా అనే లెక్క, ఉంటుంది. ఒక మనిషికి గంట ఆదా అయితే ఇన్ని డాలర్లు, ఒక ప్రమాదం తప్పితే ఇన్ని డాలర్లు అని ఫెడరల్ రవాణా శాఖే రేట్లు ఇస్తుంది. ఒక ప్రాణం నిలిస్తే 2023 ధరల్లో 13.2 మిలియన్ డాలర్లు. రేపటి లాభాన్ని ఇవాళ్టి విలువకి తగ్గించేటప్పుడు ఏడాదికి 7 శాతం కోత వేయమంటారు. ముప్పై ఏళ్ళ తర్వాతి డాలరు అలా కోసుకుంటూ వస్తే ఇవాళ పదమూడు సెంట్లు. వందేళ్ళు నిలిచే వంతెన కట్టేవాళ్ళకి ఇది కడుపు మండే లెక్క. మీ కప్పు లాంటివాటికి ఇంకా కష్టం, ఎందుకంటే కార్లకి ఆదా అయ్యే సమయాన్ని లెక్క కట్టడం తేలిక, ఒక పేట మళ్ళీ కలిసినందుకు ఎంత వేస్తాం?

ఆ ఊరి దరఖాస్తు చివరి రాత్రి నాకింకా గుర్తుంది. గడువు ఈస్టర్న్ టైమ్‌లో రాత్రి 11:59, అంటే మాకు 10:59. ప్రాజెక్టు గురించి వివరంగా రాసే కథనం 30 పేజీలు దాటకూడదు. పది గంటలకి అన్నీ ఎక్కించాం. సిటీ తన వాటా పెడతానని కౌన్సిల్ చేసిన తీర్మానంలో సంతకాలున్న చివరి పేజీ స్కాన్‌లో లేదు. నేను చూసుకోలేదు, ఇంకెవరూ చూసుకోలేదు. మాకు గ్రాంటు రాలేదు. తర్వాత జరిగిన డీబ్రీఫ్‌లో, అంటే ఎందుకు రాలేదో చెప్పే మీటింగులో, స్థానిక వాటా ఖాయమైనట్టు కనిపించలేదు అన్నారు. రెండోసారీ రాలేదు. మూడోసారి వచ్చింది. ఇప్పుడు అక్కడ అండర్‌పాస్ ఉంది. నేను అటు వెళ్ళినప్పుడల్లా కావాలని ఆ దారినే వెళ్తాను.

అందుకే మీకు చెప్పేది ఇది. గెలవడం ఒక ఎత్తు, గెలిచాక సంతకం దాకా పరిగెత్తడం ఇంకో ఎత్తు. సిటీ వాటా, డిజైను, అనుమతులు ముందే సిద్ధంగా ఉన్న ఊరు తొందరగా సంతకం పెట్టించుకుంటుంది. ఎంత తొందరగా ఆబ్లిగేట్ అయితే అంత భద్రం.

రిటైర్డ్_ఈఈ:

బాబూ, కృష్ణలంక అన్నావు కాబట్టి చనువుగా రాస్తున్నాను. నేను పురపాలక ఇంజనీరుగా రిటైరై ఎనిమిదేళ్ళయింది. విజయవాడలోనే ఉంటాను.

వంతెన_లెక్కలు అమ్మాయి చెప్పిన రీయింబర్స్‌మెంట్ పద్ధతి చదివి ఆశ్చర్యపోయాను. మా కాలంలో 2005 చివర్లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అని, నగరాల్లో మౌలిక వసతులకి కేంద్రం పెట్టిన పథకం వచ్చింది. మన బెజవాడ లాంటి ఊరికి కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20, కార్పొరేషన్ 30. కేంద్రం వాటా నాలుగు విడతలుగా వచ్చేది, మొదటి విడత ముందే ఇచ్చేవారు. అది 70 శాతం ఖర్చుపెట్టి యూసీ, అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్టు, పంపితేనే రెండోది. దానితోపాటు ఆస్తిపన్ను, అకౌంట్ల సంస్కరణలు చేస్తామని రాసివ్వాలి. మా తిప్పలన్నీ ఆ 30 శాతం దగ్గరే. కేంద్రం డబ్బు బ్యాంకులో ఉన్నా, మా వాటా లేక బిల్లులు ఆగేవి. కాంట్రాక్టరు మెషీన్లు తీసుకుపోయి వేరే ఊళ్ళో పెట్టుకునేవాడు. జనం మాత్రం తవ్విన గోతుల పక్కనుంచి నడిచేవాళ్ళు.

ఇంకో తేడా. ఇక్కడ మునిసిపాలిటీ నేరుగా ఢిల్లీకి అర్జీ పెట్టుకోలేదు, ఫైలు రాష్ట్రం మీదుగానే పోవాలి. అక్కడ సిటీ మేయరే నేరుగా అడగొచ్చంటే అది చిన్న విషయం కాదు. ఆలస్యం సంగతంటావా, ఇక్కడా అంతే. దుర్గగుడి ఫ్లైఓవర్‌కి 2015 డిసెంబర్లో శంకుస్థాపన జరిగితే, దాని మీద బండి నడిచింది 2020 అక్టోబర్లో. ఆ అయిదేళ్ళూ భవానీపురం వాళ్ళు పడ్డ పాట్లు నేను కళ్ళారా చూశాను. కాబట్టి నీరసపడకు.

ఇర్వింగ్_నుంచి:

డల్లాస్ వైపు ఉన్నవాళ్ళకి క్లైడ్ వారెన్ పార్క్ తెలుసు. వుడాల్ రాడ్జర్స్ ఫ్రీవే మీద కప్పు వేసి కట్టిన 5.2 ఎకరాల పార్కు, 2012 అక్టోబర్లో తెరిచారు. మా పిల్లలు ఆ గడ్డి మీద పరిగెత్తేటప్పుడు కింద హైవే ఉందంటే నమ్మరు. 110 మిలియన్ల ఖర్చులో ఫెడరల్ స్టిమ్యులస్ (మాంద్యం నుంచి గట్టెక్కడానికి ఇచ్చిన) డబ్బు 16.7 మిలియన్లే. సిటీ బాండ్లు 20, రాష్ట్ర హైవే నిధులు 20, మిగిలింది దాదాపు అంతా విరాళాలు. అక్కడ దాతలు ముందుకొచ్చారు. ఆస్టిన్‌లో అంత డబ్బున్న కంపెనీలు లేవా? ఒక్క ఫెడరల్ గ్రాంటు మీదే ఎందుకు కూర్చోవాలి?

వంతెన_లెక్కలు:

ఇర్వింగ్ గారూ, మీరన్నది నిజమే. కానీ డౌన్‌టౌన్‌కీ అప్‌టౌన్‌కీ మధ్య పార్కు అంటే చుట్టూ ఉన్న భవనాల విలువ పెరుగుతుంది, దాతలకి అది కనిపిస్తుంది. తూర్పు ఆస్టిన్‌లో పేటని చీల్చింది ప్రభుత్వం. చీల్చినవాళ్ళే కుట్టాలని అడగడం న్యాయం. విరాళాలు వస్తే సంతోషమే, దాని కోసం ప్రభుత్వాన్ని వదిలేయకూడదు.

ఈఈ గారూ, ఆ 30 శాతం మాట ముమ్మాటికీ నిజం. ఇక్కడ కూడా సాధారణంగా 20 శాతం సొంత వాటా ఉండాలి. ఎక్కడైనా కథ అక్కడే తేలుతుంది.

దోశబండి గారూ, మీకొక మంచి మాట చెప్పడం మర్చిపోయాను. 2025 మేలో, అంటే గ్రాంటు పోవడానికి ముందే, ఆస్టిన్ కౌన్సిల్ మూడు కప్పులకి కావలసిన ఆధారాల కోసం 104 మిలియన్లు పెట్టడానికి ఒప్పుకుంది. ఆ మూడింటిలో మీ సీజర్ చావెజ్ కప్పు కూడా ఉంది. ఆధారాలు అంటే పునాదులు, స్తంభాలు. రోడ్డు తవ్వి ఉన్నప్పుడే అవి వేయాలి. హైవే పూర్తయి బండ్లు తిరుగుతున్నాక మధ్యలో స్తంభం దించాలంటే లేన్లు మూయాలి, ఖర్చు ఎన్నో రెట్లు అవుతుంది. స్తంభాలుంటే పై కప్పుని ఐదేళ్ళకో పదేళ్ళకో ఏ గ్రాంటుతోనైనా వేసుకోవచ్చు. స్తంభాలు లేకపోతే ఆ తలుపు మన జీవితకాలానికి మూసుకున్నట్టే. ఇప్పుడు మీరు కాపాడుకోవాల్సింది ఆ స్తంభాల్ని.

మీ మూడో ప్రశ్న. మద్దతు ఉత్తరాలు దరఖాస్తుకి జత చేస్తాం. "ఈ ప్రాజెక్టుకి మా సంపూర్ణ మద్దతు" అని ఒకే అచ్చులో నలభై వస్తాయి, నేనే వాటిని చూసి పక్కన పెడతాను. వాకర్ తోసుకుంటూ రెండు సిగ్నళ్ళ మధ్య స్తంభం పక్కన నిలబడే ఆవిడ గురించి ఇక్కడ రాశారు కదా, అలా రాసిన ఉత్తరం వస్తే నేను దాన్ని ఉత్తరాల్లో పెట్టను, కథనంలో మొదటి పేజీకి ఎక్కిస్తాను. సిటీ వాళ్ళకి రాయండి. కౌన్సిల్ మీటింగులో మాట్లాడ్డానికి పేరు ఇవ్వండి, మూడు నిమిషాలిచ్చినా చాలు.

దోశబండి_ఆస్టిన్:

అక్కా, బాబాయ్ గారూ, చాలా పెద్ద సాయం చేశారు. స్తంభాల సంగతి నాకు అస్సలు తెలియదు. గ్రాంటు పోయింది కాబట్టి మొత్తం పోయిందనుకున్నాను.

ఇవాళ పొద్దున్న బండి తెరవకముందు ఒక నోట్‌బుక్కు తీసుకుని ఫ్లైఓవర్ కింద నిలబడ్డాను. ఒకమ్మాయి పిల్లాడి తోపుడుబండి ఫుట్‌పాత్ అంచు దగ్గర ఎత్తి దించుకుంది. డౌన్‌టౌన్ హోటల్లో పనిచేసే ఇద్దరు యూనిఫాంలో పరుగెత్తుకుంటూ దాటారు. సైకిలాయన దిగి నడిపించుకుంటూ వెళ్ళాడు. మన పెద్దావిడ ఎనిమిదీ పదికి వచ్చింది. సిగ్నల్ పడ్డ దగ్గర్నుంచి ఇటు చేరేదాకా ఫోన్లో టైము చూశాను. అయిదు నిమిషాల నలభై సెకన్లు. ఏం చేస్తున్నావని అడిగింది. మీ గురించి సిటీకి ఉత్తరం రాస్తున్నాను, పేరు రాయనులెండి అన్నాను. పేరు కూడా రాయమంది. మీటింగుకి తనూ వస్తానంది, అయితే కారులో తీసుకెళ్ళాలట.

వచ్చే కౌన్సిల్ మీటింగుకి ఇద్దరి పేర్లూ ఇస్తున్నాను. ఇంగ్లీషులో మూడు నిమిషాల్లో చెప్పాలంటే కొంచెం టెన్షన్‌గా ఉంది. రాసుకున్నది ఇక్కడ పెడితే ఎవరైనా చూసి సరిచేస్తారా?

వంతెన_లెక్కలు:

పెట్టండి. ఈ రాత్రే చూస్తాను. ఆ అయిదు నిమిషాల నలభై సెకన్లతో మొదలుపెట్టండి.